మంట పెడితే బండ ఎందుకు పగులుతుంది?



బావి తవ్వుతున్న చోట 'బండ పడింది' అన్న మాట వినబడితే రైతు ముఖం మారిపోతుంది. మట్టి ఉన్నంతసేపు పారా పలుగూ చాలు. మొరం తగిలినా గునపంతో నెట్టుకొస్తారు. బండ పడిందంటే మాత్రం లెక్కలన్నీ తారుమారే. కూలీ పెరుగుతుంది, రోజులు పెరుగుతాయి, దాంతోపాటు అప్పూ పెరుగుతుంది. తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల మన కాళ్ల కింద ఉన్నది గ్రానైటూ, దానికి దగ్గర చుట్టమైన నైస్ శిలా. వాటిలో ఎక్కువ భాగం సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. మంచి గ్రానైటు ముక్క చదరపు సెంటీమీటరుకు ఒకటిన్నర టన్నుల బరువు మోపినా తట్టుకుని నిలబడుతుంది.

పేలుడు మందు లేని రోజుల్లో ఇంత గట్టి రాతిని మనిషి మంటతో లొంగదీశాడు. కట్టెల మంటతో మొదలైన ఆ విద్య ఇవాళ జెట్ బర్నర్ల దాకా, మైక్రోవేవ్‌ల దాకా, లేజర్ల దాకా వచ్చింది. పద్ధతులు వేరైనా వాటి అడుగున ఉన్న సూత్రం ఒక్కటే. రాతిలో ఒక చోటుకీ దాని పక్క చోటుకీ మధ్య వేడికి సాగడంలో ఎంత తేడా పుట్టించగలిగామన్న దాన్నిబట్టే రాయి బలం తగ్గుతుంది. ఆ తేడాను ఎక్కడ పుట్టించాలో తెలిసినవాడు తక్కువ ఖర్చుతో రాయి పగలగొడతాడు. తెలియనివాడు ఎంత కాల్చినా కట్టెలు దండగ. ఈ విషయమే ఇవాళ మీతో కాస్త వివరంగా మాట్లాడాలనుకుంటున్నాను.

ముందు పాతకాలం సంగతి చూద్దాం. వరాహమిహిరుడు 6వ శతాబ్దంలో ఉజ్జయినిలో ఉండి రాసిన బృహత్సంహితలో దకార్గళం అనే అధ్యాయం ఉంది. భూమిలో నీటిజాడ ఎక్కడ ఉంటుందో, ఏ చెట్టు, ఏ పుట్ట దేనికి గుర్తో చెప్పే అధ్యాయం అది. బావిలో బండ అడ్డొస్తే ఏం చేయాలో కూడా ఆయన అక్కడే చెప్పాడు. ఎంత కొట్టినా పగలని రాతి మీద మోదుగ కట్టెలు, తుమికి కట్టెలు పేర్చి మంట పెట్టాలి. రాయి నిప్పులా ఎర్రబడేదాకా కాల్చి, దానిమీద సున్నపు నీళ్లు చల్లాలి. అప్పుడు పగులుతుందన్నాడు. ఇంకో ఉపాయం కూడా ఉంది. మజ్జిగ, కలి, సుర కలిపి అందులో ఉలవలు, రేగుపళ్లు వేసి ఏడు రాత్రులు నిల్వ ఉంచి, కాలిన బండ మీద ఆ పులిసిన నీళ్లు చల్లమన్నాడు.

ఇలాంటి కబురే రోము నుంచీ వినిపిస్తుంది. క్రీ.పూ. 218లో హానిబాల్ తన సైన్యంతో, ఏనుగులతో ఆల్ప్స్ పర్వతాలు దాటుతుంటే దారికి పెద్ద బండ అడ్డొచ్చింది. దానిచుట్టూ చెట్లు కొట్టి పేర్చి, మంటపెట్టి, వెనిగర్ పోసి పగలగొట్టించాడని చరిత్రకారుడు లివీ రాశాడు. వెనిగర్ పోస్తే సున్నపురాయి మీద నురగ వస్తుంది. గ్రానైటుకు అదీ లేదు. కాబట్టి సున్నపు నీళ్లయినా, పులిసిన మజ్జిగైనా, వెనిగరైనా అక్కడ జరిగిన అసలు పని ఒక్కటే. బాగా కాలిన రాతి పైపొరను చల్లటి ద్రవం ఒక్కసారిగా చల్లార్చింది. పగులు పుట్టింది అక్కడ.

చైనాలోని సిచువాన్ ప్రాంతంలో దుజియాంగ్‌యాన్ అనే నీటిపారుదల పథకం ఉంది. క్రీ.పూ. 256 ప్రాంతంలో లీ బింగ్ అనే పాలనాధికారి దాన్ని మొదలుపెట్టాడు. మిన్ నది నీళ్లను మైదానంలోకి మళ్లించాలంటే మధ్యలో ఉన్న కొండను చీల్చాలి. అప్పటికి పేలుడు మందు పుట్టనే లేదు. కొండరాతిని కాల్చడం, నీళ్లు పోసి చల్లార్చడం, పగిలినంత మేర తవ్వి తీసేయడం, మళ్లీ కాల్చడం. ఇలా 8 ఏళ్లు పట్టిందని అక్కడి జనం చెప్పుకుంటారు. 2200 ఏళ్లు దాటినా ఆ కాలువ ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది.

మనకు దగ్గరగా చెప్పుకోవాలంటే రాయచూరు జిల్లాలోని హట్టి బంగారు గనులు ఉన్నాయి. 1956 దాకా ఆ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. ఆధునిక కంపెనీలు అక్కడ గని తవ్వుతుంటే, వాళ్లకన్నా ఎంతో ముందే ఎవరో 600 అడుగుల లోతుకు పైగా దిగిన ఆనవాళ్లు బయటపడ్డాయి. అవి సుమారు రెండువేల ఏళ్ల నాటివని పండితుల నిర్ణయం. వాళ్ల దగ్గర ఉన్నవల్లా ఇనుప పనిముట్లు, మంట, నీళ్లు. అంత లోతులో మంట పెడితే పొగ ఎటు పోవాలి, గాలి ఎటునుంచి రావాలి అని కూడా ఆలోచించి ఉండాలి. ఈ పద్ధతిలో రాతికన్నా పొగే ఎక్కువ ప్రాణాంతకం. 1556లో అచ్చయిన గనుల గ్రంథంలో జర్మన్ పండితుడు అగ్రికోలా కూడా మంట పెట్టిన గనిలోకి పొగ పోయేదాకా దిగవద్దని హెచ్చరించాడు. నార్వేలోని కాంగ్స్‌బెర్గ్ వెండి గనుల్లో పేలుడు మందు వచ్చిన తర్వాత కూడా, 19వ శతాబ్దం చివరి దాకా మంటతో రాయి పగలగొట్టే పని సాగింది.

ఈ విద్య ఎంత నాజూకైనదో తెలియాలంటే బెంగళూరు దగ్గరి క్వారీలో జరిగిన ఒక పని గురించి చెప్పాలి. 1895 జనవరిలో నేచర్ పత్రికలో దాని వివరం అచ్చయింది. అక్కడి పనివాళ్లు చదునుగా ఉన్న గ్రానైటు బండ మీద సన్నటి వరసలో కట్టెల మంట పెట్టారు. మంట ఒకే చోట ఉంచలేదు. కాసేపు కాలనిచ్చి, మంటకు ముందున్న రాతిని సుత్తితో తట్టి చూసేవారు. చప్పుడు మారితే పైపలక అడుగు బండ నుంచి విడిపోయిందని తెలుస్తుంది. వెంటనే మండే కట్టెలను కొద్ది అంగుళాలు ముందుకు నెట్టేవారు. మళ్లీ తట్టడం, మళ్లీ నెట్టడం. ఇలా 8 గంటల పాటు సాగింది. మంట వరస గంటకు సుమారు 6 అడుగుల చొప్పున జరిగింది. చివరికి 740 చదరపు అడుగుల విస్తీర్ణం, సగటున 5 అంగుళాల మందం ఉన్న పలక మొత్తంగా లేచింది. లెక్క కడితే ఒక పౌను కట్టెకు 30 పౌన్ల రాయి. తర్వాత ఆ పలకను కావలసిన కొలతల్లో కోసుకుని కంబాలుగా, పలకలుగా వాడుకున్నారు.

ఇందులోని నేర్పు గమనించండి. బండ మొత్తాన్ని వాళ్లు కాల్చలేదు. పైన అరడుగు మేర మాత్రమే వేడెక్కనిచ్చారు. వేడెక్కిన పైపొర సాగాలని చూస్తుంది. కింద చల్లగా ఉన్న బండ దాన్ని సాగనివ్వదు. ఆ పెనుగులాటలో రెంటికీ మధ్య నేలకు సమాంతరంగా నెర్రె పుడుతుంది. మంట ముందుకు జరిగితే నెర్రె కూడా దాని వెంటే పోతుంది. మంటను మరీ తొందరగా జరిపితే నెర్రె ఆగిపోతుంది. ఆలస్యం చేస్తే పలక ముక్కలవుతుంది. ఎప్పుడు జరపాలో సుత్తి చప్పుడు చెబుతుంది. దక్షిణాదిలో తరతరాలుగా రాతిపనిని నమ్ముకుని బతికినవాళ్లలో తెలుగు మాట్లాడే వడ్డెరలు ముఖ్యులు. బావులు, చెరువు తూములు, కట్టలు వాళ్ల చేతి మీదుగా వచ్చినవే. రాతి చప్పుడు విని లోపలి సంగతి చెప్పగల ఆ చెవి చిన్న విషయం కాదు. ఇవాళ ప్రయోగశాలల్లో కూడా రాయి ఎంత దెబ్బతిన్నదో దానిగుండా ధ్వని తరంగాలు పంపే తెలుసుకుంటారు. గట్టి గ్రానైటులో ధ్వని సెకనుకు సుమారు 5 కిలోమీటర్ల వేగంతో పోతుంది. కాలి, లోపల నెర్రెలు పడిన రాతిలో ఆ వేగం బాగా పడిపోతుంది.

ఇప్పుడు రాతి లోపలికి వెళ్దాం. గ్రానైటు ముక్కను ఎండలో పట్టుకుని చూస్తే మూడు రకాల పలుకులు కనిపిస్తాయి. గాజులా మెరిసేది పలుగురాయి, అంటే క్వార్ట్జ్. గులాబీ రంగులోనో తెల్లగానో ఉండేది ఫెల్డ్‌స్పార్. నల్లగా తళతళలాడేది అభ్రకం. ఈ మూడూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి కాబట్టే రాతికి అంత బలం. వేడి చేస్తే మూడూ ఒకేలా సాగవు. పలుగురాయి ఫెల్డ్‌స్పార్ కన్నా ఎక్కువ సాగుతుంది. పైగా పలుగురాయి పలుకు ఒక దిశలో సాగినదానికి దాదాపు రెట్టింపు ఇంకో దిశలో సాగుతుంది. అందువల్ల రాతిని ఎంత నెమ్మదిగా, ఎంత సమానంగా వేడి చేసినా పలుకుకూ పలుకుకూ మధ్య తగవు తప్పదు. అంచుల వెంట కంటికి కనిపించని నెర్రెలు పడతాయి.

200 డిగ్రీల దాకా చాలా గ్రానైట్ల బలంలో పెద్ద మార్పు ఉండదు. 400 డిగ్రీలు దాటుతుంటే తగ్గడం తెలుస్తుంది. 573 డిగ్రీల దగ్గర అసలు ఘట్టం వస్తుంది. ఆ వేడి దగ్గర పలుగురాయి తన లోపలి అమరికనే మార్చుకుంటుంది. అణువుల గూడు ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారి, దాని పరిమాణం ఉన్నట్టుండి పెరుగుతుంది. 1889లో ఫ్రెంచి శాస్త్రవేత్త లె షాటెలియే ఈ మార్పును కనిపెట్టాడు. ఇరుకైన గోడల మధ్య ఉన్న పలుకు ఒక్కసారిగా ఒళ్లు విరుచుకుంటే చుట్టూ ఉన్నవి చీలక తప్పదు. అందుకే 600 డిగ్రీలు దాటి కాలిన గ్రానైటు మళ్లీ చల్లారినా తన పాత బలానికి రాదు.

ఇది రాతి పలుకుల మధ్య జరిగే సంగతి. పెద్ద బండ విషయంలో రెండో కారణం ఇంకా ముఖ్యం. గ్రానైటు వేడిని నెమ్మదిగా పంపిస్తుంది. ఇనుముతో పోలిస్తే దానిలో వేడి పాకే శక్తి పదో వంతు కన్నా తక్కువ. అందువల్ల పైపొర కాలిపోతున్నా లోపల చల్లగానే ఉంటుంది. కదలడానికి చోటు లేకుండా బిగించిన గ్రానైటు 100 డిగ్రీలు వేడెక్కితే దానిలో పుట్టే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 600 కిలోలు. నొక్కుడుకు గ్రానైటు 1500 కిలోల దాకా తట్టుకుంటుందని మొదట్లో చెప్పాను. కాబట్టి వేడెక్కే పొర కొంతసేపు ఓర్చుకుంటుంది. ఇప్పుడు అదే పొర మీద చల్లటి నీళ్లు పోయండి. పైపొర కుంచించుకుపోవాలని చూస్తుంది, లోపలి వేడి రాయి కదలనివ్వదు. పైపొర మీద పడేది ఇప్పుడు నొక్కుడు కాదు, లాగుడు. లాగుడుకు గ్రానైటు ఓర్చేది చదరపు సెంటీమీటరుకు 100 కిలోలు, ఆ కాస్త అటూ ఇటూ. కాగితం మీద లెక్క వేస్తే అందుకు 20 డిగ్రీల తేడా చాలు. మరుగుతున్న టీ పోసినప్పుడు నిలిచిన గాజు గ్లాసు, అది వేడిగా ఉండగానే కుళాయి కింద పెడితే చిటుక్కున పగలడం మీ అందరికీ తెలిసిందే. రాతిలో జరిగేదీ అదే. నొక్కితే నిలబడేది లాగితే తెగుతుంది. వరాహమిహిరుడు సున్నపు నీళ్లు చల్లమన్నది అందుకే పనిచేసింది.

నీళ్ల ప్రభావాన్ని అమెరికా భూగర్భ శాస్త్రవేత్త డేవిడ్ గ్రిగ్స్ 1936లో ఒక ప్రయోగంతో చూపించాడు. నునుపు చేసిన గ్రానైటు ముక్కను వేడి చేయడం, గాలితో చల్లార్చడం. 110 డిగ్రీల తేడాతో ఇలా 89,400 సార్లు చేశాడు. అంటే పగటి ఎండ, రాత్రి చలి లెక్కన 244 ఏళ్లతో సమానం. రాతిలో కనిపించే మార్పు ఏదీ రాలేదు. తర్వాత గాలి బదులు నీళ్లు చిమ్మి చల్లార్చాడు. 10 రోజుల్లోనే నునుపు పోయి సన్నటి నెర్రెలు కనిపించాయి. వేడి అంతే, తేడా అంతే. చల్లారిన వేగం, తడి మారాయి. ఎండకు మాత్రమే కాగిన బండరాయి అంత తొందరగా చెడదనీ, ఎండ వేడికి వానజల్లు తోడైతే కథ వేరనీ ఆ ప్రయోగం చెప్పింది.

ఇక ఆధునిక పద్ధతులకు వద్దాం. మొదటిది జెట్ బర్నర్. 1940ల్లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో టాకొనైట్ అనే అతి గట్టి ఇనుప ఖనిజానికి రంధ్రాలు వేయలేక ఉక్కు డ్రిల్లులు అరిగిపోతుంటే, కిరోసినునూ ఆక్సిజనునూ మండించి ఆ జ్వాలను ధ్వనిని మించిన వేగంతో రాతి మీదకు చిమ్మే పద్ధతి తెచ్చారు. జ్వాల వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. అయినా రాయి కరగదు. జ్వాల తగిలిన చోట గోరంత మందం మేర రాయి క్షణాల్లో వేడెక్కుతుంది. అది సాగడానికి చోటు లేక పెచ్చులు పెచ్చులుగా ఎగిరిపోతుంది. పెచ్చు ఎగిరితే కింద చల్లటి కొత్త రాయి బయటపడుతుంది. జ్వాల దాన్ని పట్టుకుంటుంది. గ్రానైటు పెచ్చులెగరడానికి దాని పైపొర సుమారు 500 డిగ్రీలకు చేరితే చాలు. రాయి కరగాలంటే అందుకు రెట్టింపు కన్నా ఎక్కువ వేడి కావాలి. 1980ల మొదట్లో అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్‌లో బ్రౌనింగ్ అనే ఇంజనీరు ఇలాంటి జ్వాలతోనే గ్రానైటులో 300 మీటర్లకు పైగా లోతు రంధ్రం వేశాడు, సగటున గంటకు 15 మీటర్ల వేగంతో. రాతిని తాకే ఉక్కు మొన ఏదీ అందులో లేదు కాబట్టి అరగడమూ లేదు.

మన గ్రానైటు క్వారీల్లో కూడా పెద్ద దిమ్మెను బండ నుంచి విడదీయడానికి జెట్ బర్నర్‌తో సన్నటి కాలువ కోసేవారు. ఇప్పుడు చాలాచోట్ల వజ్రపు పూసలు పొదిగిన వైర్ సా ఆ పని చేస్తోంది. కానీ ఈ పెచ్చులెగిరే విద్య మీ ఊళ్లోనే మీ కాళ్ల కింద ఉంది. బస్టాండు మెట్ల మీద, గుడి ప్రాంగణంలో కాలు జారకుండా గరుకుగా ఉండే గ్రానైటు పలకలు చూసే ఉంటారు. వాటిని ఫ్లేమ్డ్ గ్రానైట్ అంటారు. యంత్రంతో కోసిన నునుపు పలక మీద మంటను వరసగా నడిపిస్తే పైన సన్నటి పెచ్చులు లేచిపోతాయి. మిగిలేది జారని గరుకుతనం. పలక లోపలి బలం చెక్కుచెదరకుండా పైపొరను మాత్రమే లేపడం అందులోని పనితనం.

జెట్ బర్నర్‌కు ఒక పరిమితి ఉంది. పలుగురాయి ఎక్కువున్న రాతి మీదే అది బాగా పనిచేస్తుంది. చీమకుర్తి గెలాక్సీ రాయిని వాడుకలో నల్ల గ్రానైటు అంటాం గానీ, భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి శిల. అందులో పలుగురాయి పెద్దగా ఉండదు. అలాంటి నల్లరాయి మీద జ్వాల పెడితే పెచ్చులెగరడం తగ్గి, రాయి కరిగి ముద్దలా అంటుకోవడం మొదలవుతుంది. కరిగిందంటే పని చెడినట్టే. కరిగిన గాజు నెర్రెలను పూడ్చేస్తుంది, వేడిని మింగేస్తుంది, కింది రాతిని కాపాడుతుంది. లేజరుతో రాయి తొలిచే ప్రయోగాల్లోనూ ఇదే పాఠం తేలింది. రాతిని కరిగించడం కన్నా, కరిగే ముందు ఆగి పెచ్చులెగరగొట్టడమే చాలా చౌక.

ఖర్చు సంగతి వచ్చింది కాబట్టి ఒక చిన్న లెక్క. ఒక ఘనపు మీటరు గ్రానైటు బరువు సుమారు 2650 కిలోలు. దాన్నంతటినీ 600 డిగ్రీలకు వేడి చేయాలంటే సుమారు 380 యూనిట్ల కరెంటు కావాలి. వృథా ఏమీ పోకపోతే మాట అది. అదే ఘనపు మీటరు రాతిని పేలుడు మందుతో పగలగొట్టడానికి కిలో కూడా పట్టకపోవచ్చు. ఆ మందులో ఉన్న శక్తి ఒక యూనిట్ కరెంటుకు అటూ ఇటూ. అంటే బండ మొత్తాన్ని కొలిమిలో పెట్టినట్టు కాల్చి బలం తగ్గించాలనుకుంటే వందల రెట్లు దండగ. ప్రయోగశాలలో చిన్న ముక్కను ఫర్నేసులో పెట్టి నెమ్మదిగా కాలిస్తే రాయి గుణం తెలుస్తుంది. పని జరగాలంటే మాత్రం కావలసినచోటనే, కావలసినంతే వేడి పుట్టించాలి.

ఇక్కడే మైక్రోవేవ్ ముందుకొస్తుంది. వంటింట్లో వాడే మైక్రోవేవ్ తరంగాలే ఇవి, శక్తి ఎన్నో రెట్లు ఎక్కువ. మంట బయట నుంచి లోపలికి వేడిని పంపుతుంది. మైక్రోవేవ్ రాతిలోకి దూరి, తనను పీల్చుకునే ఖనిజాన్ని మాత్రమే లోపలి నుంచి వేడెక్కిస్తుంది. 1980ల చివర్లో అమెరికా గనుల బ్యూరో పరిశోధకులు ఒక్కో ఖనిజాన్నీ విడిగా మైక్రోవేవ్‌లో పెట్టి చూశారు. మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం మూడు నిమిషాలు గడవకముందే 1250 డిగ్రీలు దాటింది. పలుగురాయి 7 నిమిషాలు ఉంచినా 80 డిగ్రీలకు చేరలేదు. ఈ రెండూ ఒకే రాతిలో పక్కపక్కన ఉన్నాయనుకోండి. ఒకటి భగ్గుమంటుంటే ఇంకొకటి చల్లగా ఉంటుంది. రెంటి సరిహద్దులో రాయి చీలుతుంది. మంట పైపొరకూ లోపలి రాతికీ మధ్య పెట్టే తగవును మైక్రోవేవ్ పలుకుకూ పలుకుకూ మధ్య పెడుతుంది.

ఇక్కడ కూడా నెమ్మదిగా వేడి చేస్తే లాభం తక్కువ. భగ్గుమన్న పలుకు నుంచి వేడి పక్కదానికి పాకిపోయి తేడా చెరిగిపోతుంది. ఎక్కువ శక్తితో కొద్ది సెకన్లలో వేడి చేస్తే తక్కువ కరెంటుతో ఎక్కువ నెర్రెలు పడతాయని బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల జరిగిన పరిశోధనలు చూపించాయి. ఖనిజాన్ని పిండి చేయడానికి గనుల పరిశ్రమ బోలెడంత కరెంటు ఖర్చు పెడుతుంది. పిండి చేసేముందు రాతిలో ఇలా నెర్రెలు పడేలా చేస్తే ఆ ఖర్చు తగ్గుతుందన్నది ఈ పరిశోధకుల ఆశ.

సొరంగాలు తవ్వే యంత్రాలకు మైక్రోవేవ్ తోడు చేయాలన్న ప్రయత్నాలు కూడా నడుస్తున్నాయి. మన దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం, వెలిగొండ సొరంగాలు నల్లమల కొండల్లో ఏళ్ల తరబడి సాగిన సంగతి మీకు తెలుసు. ఆ కొండల్లో క్వార్ట్జైట్ వంటి కఠిన శిలలు ఉన్నాయి. టన్నెల్ బోరింగ్ యంత్రం ముందుండే ఉక్కు చక్రాలు అలాంటి రాతికి తొందరగా అరిగిపోతాయి. మరి మైక్రోవేవ్ పెడితే పని తేలికవుతుందా? ఒక్క నిమిషం ఆలోచించండి. క్వార్ట్జైట్ అంటే దాదాపు అంతా పలుగురాయే. మైక్రోవేవ్ దాన్ని వేడి చేయలేదని ఇప్పుడే చెప్పుకున్నాం. అదే రాతిని జ్వాల బాగా పెచ్చులెగరగొడుతుంది. వికారాబాద్ వైపు, ఆదిలాబాద్ వైపు ఉన్న దక్కన్ బసాల్ట్ తీసుకోండి. అందులో పలుగురాయి లేదు, ఇనుమున్న నల్ల ఖనిజాలు దండిగా ఉన్నాయి. అక్కడ జ్వాలది కష్టం, మైక్రోవేవ్‌ది సుఖం. కాబట్టి ఏ పద్ధతి గొప్పదన్న ప్రశ్నకు అర్థం లేదు. ఏ రాతికి ఏ పద్ధతి అన్నదే సరైన ప్రశ్న. రాతిలో ఏ ఖనిజాలున్నాయో తెలియకుండా వేడి చేసే యంత్రం కొనడం డబ్బు తగలేయడమే.

ఇదంతా రాతిని పగలగొట్టాలనుకున్నప్పటి మాట. పగలకూడదనుకున్న రాతికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత విజయనగరాన్ని నేలమట్టం చేసినప్పుడు, విఠలస్వామి ఆలయ మండపాల్లో పెద్ద పెద్ద మంటలు పెట్టారని రాబర్ట్ స్యూయెల్ తన చరిత్రలో రాశాడు. గ్రానైటు కాలదు కదా అని మనం అనుకుంటాం. కాలదు, నిజమే. కానీ స్తంభాల అంచులు పెచ్చులెగిరిపోతాయి. పైన బరువు మోసే దూలం అడుగుభాగం ఎప్పుడూ లాగుడులోనే ఉంటుంది. మంట సరిగ్గా దాన్నే బలహీనపరుస్తుంది. కాబట్టి రాతి దూలాలున్న పాత ఇంట్లో గానీ, గుడిలో గానీ అగ్నిప్రమాదం జరిగితే, పైకి బాగానే ఉంది కదా అని వెంటనే వాడుకోవద్దు. ఇంజనీరుతో పరీక్ష చేయించాకే దాని కింద నిలబడండి. రాతి మెట్లకూ ఇదే మాట.

చివరిగా బండతో రోజూ పనిచేసే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నాలుగు మాటలు. బండ కాల్చడానికి పాత టైర్లు వాడకండి. ఆ పొగ ఊపిరితిత్తులను నాశనం చేస్తుంది. బావిలాంటి లోతైన చోట ఎలాంటి మంట పెట్టినా, పొగంతా పోయి మంచి గాలి ఆడేదాకా లోపలికి దిగవద్దు. కాలిన బండ మీద నీళ్లు పోసేటప్పుడు దూరంగా, పక్కకు నిలబడండి. పెచ్చులు కళ్లలోకి ఎగురుతాయి, ఆవిరి ఒళ్లు కాలుస్తుంది. చెమ్మ పట్టిన రాయి కాలుతుండగానే పేలి ముక్కలు విసరవచ్చు. జెట్ బర్నర్ దగ్గరైనా, డ్రిల్లు దగ్గరైనా, రాతి కోత దగ్గరైనా లేచే సన్నటి దుమ్ములో పలుగురాయి పొడి ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్ జబ్బుకు మందు లేదు. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు ఆ దుమ్మును ఆపదు. దుమ్ము లేవకుండా నీళ్లు చిమ్ముతూ పనిచేయించడం, సరైన మాస్కులు, చెవులకు రక్షణ ఇవ్వడం క్వారీ యజమాని బాధ్యత. అది మీరు అడిగి తీసుకోవలసిన హక్కు. మన రాతి సంపదను చూసి గర్వపడే అధికారులు, యజమానులు ముందు ఈ పని చేసి చూపించాలి. సుత్తి చప్పుడుతో బండ మనసు తెలుసుకున్న ఆ చేతుల ఆరోగ్యం కాపాడటం మనందరి పూచీ.